రోజూ రాత్రి ఒక ఫోన్ కాల్

అమెరికాలో మసాచుసెట్స్ తీరానికి కాస్త దూరంలో మార్తాస్ వినియర్డ్ అనే ద్వీపం ఉంది. వేసవి వస్తే డబ్బూ పేరూ ఉన్న రచయితలు, పాత్రికేయులు అక్కడి ఇళ్లకి చేరేవాళ్లు. అలా చేరే మిత్రుల్లో ముగ్గురు తమని తాము ‘బ్లూస్ బ్రదర్స్’ అని పిలుచుకున్నారు. ఆ పేరుతో 1980లో ఒక సినిమా వచ్చింది, అందులోని అన్నదమ్ములు పాటలు పాడతారు. ఈ ముగ్గురికీ పాటలతో పని లేదు. ఇంగ్లీషులో ‘బ్లూస్’కి దిగులు అనే అర్థం కూడా ఉంది, వీళ్లది ఆ బ్లూస్.

ఒకరు విలియం స్టైరన్, ‘సోఫీస్ ఛాయిస్’ (1979) రాసిన నవలాకారుడు. రెండోవాడు మైక్ వాలెస్. సీబీఎస్ ‘60 మినిట్స్’లో పెద్దపెద్దవాళ్లకి చెమటలు పట్టించిన ఇంటర్వ్యూలు ఆయనవి. మూడోవాడు ఆర్ట్ బుచ్‌వాల్డ్. దశాబ్దాలపాటు పత్రికల్లో హాస్య కాలమ్ రాసి, 1982లో పులిట్జర్ అందుకున్నాడు. ముగ్గురికీ తీవ్రమైన డిప్రెషన్ వచ్చింది. ముగ్గురూ చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. ముగ్గురూ ఎనభై దాటి బతికారు.

డిప్రెషన్ చరిత్ర అనగానే మనకి దొరికేది మందుల చరిత్ర. ఫలానా ఏడు ఫలానా మాత్ర కనిపెట్టారు, ఫలానా ఏడు ప్రొజాక్ వచ్చింది, ఇలా. మందులు పనిచేసినవాళ్లకి ఆ చరిత్ర చాలు. పనిచేయనివాళ్ల సంగతేంటి? డాక్టరు ‘ఇక వేరే మార్గాలు చూద్దాం’ అన్న రోజున ఆ మనిషి పక్కన ఎవరున్నారు, వాళ్లేం చేశారు? ఈ వ్యాసం ఆ రెండో చరిత్రలోంచి కొన్ని పేజీలు.

*

ముందు వాలెస్ కథ. 1982లో సీబీఎస్ వియత్నాం యుద్ధం మీద ఒక డాక్యుమెంటరీ వేసింది. శత్రువు బలగాన్ని కావాలనే తక్కువ చేసి లెక్క చూపించారన్నది అందులోని ఆరోపణ. అప్పటి సేనాధిపతి జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ 12 కోట్ల డాలర్లకి పరువునష్టం దావా వేశాడు. 1984 అక్టోబరులో విచారణ మొదలైంది. ఆ కార్యక్రమాన్ని నడిపించిన వాలెస్ కోర్టులో కూర్చుని, తనని మోసగాడన్నట్టు అవతలి పక్షం వాదిస్తుంటే వినాల్సివచ్చింది. నిద్ర పోయింది, ఆకలి పోయింది. డాక్టరు దగ్గరికి వెళితే, నువ్వు గట్టివాడివి, తట్టుకుంటావు అన్న ధోరణిలో మాట్లాడాడు. డిప్రెషన్ అన్న మాట బయటికొస్తే నీ పేరుకే నష్టం అని కూడా హెచ్చరించాడు. ఆ డిసెంబరులో ఆసుపత్రిలో చేరితే లోకానికి చెప్పిన కారణం ‘అలసట’. ఆ రోజుల్లో తాను ప్రాణం తీసుకోబోయానని వాలెస్ బహిరంగంగా ఒప్పుకున్నది ఇరవై ఏళ్లు దాటాక, 2006లో.

1985 ఫిబ్రవరిలో జనరల్ దావా వెనక్కి తీసుకున్నాడు. జబ్బు మాత్రం వెనక్కి పోలేదు. తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆ కాలంలో బుచ్‌వాల్డ్ తనకి రోజూ రాత్రి ఫోన్ చేసేవాడని వాలెస్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు.

బుచ్‌వాల్డ్ ఎందుకు చేసేవాడో అర్థం కావాలంటే ఆయన పుట్టుక దాకా వెళ్లాలి. ఆయన పుట్టిన కొన్నాళ్లకే తల్లిని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఆవిడ మళ్లీ బయటికి రాలేదు. కొడుకు ఆవిడని జీవితంలో ఒక్కసారి కూడా చూడలేదు. అనాథాశ్రమంలో, పెంపుడు ఇళ్లలో పెరిగాడు. లోకాన్ని నవ్వించడం నేర్చుకున్నాడు. తను కూడా డిప్రెషన్‌తో రెండుసార్లు ఆసుపత్రిలో చేరాడు. ఫోన్‌లో అవతలి మనిషి ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నాడో ఆయనకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక స్టైరన్. 1985లో అరవై ఏళ్లు నిండాయి. ఏళ్లతరబడి తోడున్న మద్యం ఒంటికి పడక మానేశాడు. ఆ వేసవి నుంచే దిగులు మొదలైంది. అక్టోబరులో ఒక పెద్ద పురస్కారం అందుకోవడానికి పారిస్ వెళ్లి, అక్కడ తన బుద్ధి తన అదుపులో లేదని తెలుసుకున్నాడు. మందులు మార్చారు, ఫలితం లేదు. ఆసుపత్రిలో చేరితే మచ్చ పడుతుందని ఆయన డాక్టరు కూడా వెనక్కి లాగాడు. ఒకే సంవత్సరం తేడాలో ఇద్దరు పేరున్న మనుషులకి ఇద్దరు డాక్టర్లు ఇచ్చిన సలహా ఒకటే: దాచు. డిసెంబరులో యేల్ న్యూ హేవెన్ ఆసుపత్రిలో చేరి ఇంచుమించు ఏడు వారాలు ఉన్నాడు. ఆ అనుభవాన్ని 1989లో జాన్స్ హాప్కిన్స్‌లో ఉపన్యాసంగా చెప్పాడు. అదే పెరిగి 1990లో ‘డార్క్‌నెస్ విజిబుల్’ అనే చిన్న పుస్తకమైంది.

ఆ పుస్తకంలో ‘డిప్రెషన్’ అన్న మాట మీదే స్టైరన్‌కి కోపం. రోడ్డు మీద గుంటకీ, బజారులో మాంద్యానికీ, మనిషిని నిలువునా కూల్చేసే జబ్బుకీ ఒకే మాటేమిటని. మనకీ ఆ ఇబ్బంది ఉంది. పత్రికలవాళ్లు ‘కుంగుబాటు’ అంటారు. మా అమ్మమ్మ తరంవాళ్లు ‘మనాది పట్టుకుంది’ అనేవాళ్లు. నాకు ఆ పాత మాటే నచ్చుతుంది. అందులో ‘పట్టుకోవడం’ ఉంది. మనిషి ఏ తప్పూ చేయలేదు, ఏదో వచ్చి పట్టుకుంది.

అదే పుస్తకంలో స్టైరన్ పేరు చెప్పని ఒక మిత్రుడి గురించి రాశాడు. ప్రసిద్ధ కాలమిస్టు, తనూ ఇదే జబ్బుతో ఆసుపత్రికి వెళ్లి కోలుకుంటున్నవాడు. దాదాపు ప్రతిరోజూ ఫోన్ చేసి, చనిపోవడం అనేది ఒప్పుకునే విషయమే కాదని గట్టిగా చెబుతూ వచ్చాడట. ఆ సాయం తనకి కూడా చికిత్సలా పనిచేసిందని ఆ మిత్రుడు తర్వాత స్టైరన్‌తో అన్నాడట. ఈ చివరి సంగతి నాకు ముఖ్యంగా తోచింది. ఫోన్ చేసేవాడు దాత, ఎత్తేవాడు బీద, అలా లేదు అక్కడ. ఇద్దరికీ అదే జబ్బు, వంతులు మారాయి, అంతే.

*

‘ట్రీట్‌మెంట్ రెసిస్టెంట్’ అన్న మాటని మనం ‘మందులకి లొంగని’ అని తెలుగు చేసుకుంటాం. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ నేరం రోగి మీదే పడుతుంది. లొంగకపోవడానికి ఆ మనిషి మొండికేసినట్టు! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్యాచ్ పనిచేయకపోతే ప్యాచ్ తప్పంటాం, సర్వర్ సహకరించలేదనం. వైద్యుల వాడుకలో దీనికి అర్థం చాలా మామూలుది: సరైన మోతాదులో, సరిపడా కాలం, కనీసం రెండు మందులు వాడినా తగ్గలేదు అని.

అలాంటివాళ్లు అరుదేమీ కాదు. అమెరికాలో దాదాపు 4,000 మందితో చేసి, 2006లో ఫలితాలు ప్రకటించిన ‘స్టార్ డీ’ అనే పెద్ద అధ్యయనం ఉంది. మొదటి మందుతో లక్షణాలు పూర్తిగా తగ్గినవాళ్లు సుమారు మూడో వంతు. మూడో మెట్టు, నాలుగో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఏడుగురిలో ఒకరికి. నాలుగు మెట్లూ కలిపితే 67 శాతం దాకా కోలుకుంటారని అప్పట్లో చెప్పారు. 2023లో కొందరు పరిశోధకులు అవే లెక్కల్ని తిరిగి వేసి, అధ్యయనం ముందుగా పెట్టుకున్న నియమాల ప్రకారం చూస్తే అది అందులో సగమేనన్నారు. తగువు ఇంకా తెగలేదు. ఎవరి లెక్క నిజమైనా, మందు మార్చిన ప్రతిసారీ ఆశ కాస్త చిక్కిపోవడం రోగికి అంకెల్లో చెప్పక్కర్లేదు. వాడికి అది ఒంట్లోనే తెలుస్తుంది.

అక్కడి నుంచే ‘వేరే మార్గాలు’ మొదలవుతాయి. విచిత్రమేమిటంటే ఆ మార్గాల్లో అన్నిటికన్నా బలమైనదిగా ఇప్పటికీ లెక్కించేది మాత్రల కన్నా పాతది. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే ఇద్దరు వైద్యులు మనిషి తలకి కొద్దిపాటి కరెంటు ఇచ్చి మూర్ఛ తెప్పించారు. మొదట్లో మత్తు లేదు, కండరాలు సడలించే మందు లేదు, ఎముకలు విరిగిన సందర్భాలున్నాయి. దానికి మూడేళ్ల ముందే లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడులో తీగలు తెంచే లోబాటమీ మొదలుపెట్టాడు. దానికి 1949లో నోబెల్ కూడా ఇచ్చారు. డిప్రెషన్‌కి మొదటి మాత్రలు బయటికొచ్చింది 1957 ప్రాంతంలో. మాత్రలు వచ్చాక లోబాటమీ దాదాపు పోయింది, షాక్ చికిత్స పోలేదు. ఇప్పుడు దాన్ని ఈసీటీ అంటారు. మత్తిచ్చి, కండరాలు సడలించి, వారానికి రెండు మూడు సార్లు చొప్పున మామూలుగా ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు. మూర్ఛ ఒక నిమిషం లోపే. ఎలా పనిచేస్తుందో పూర్తిగా ఎవరికీ తెలియదు. పనిచేస్తుందని మాత్రం చాలామందికి తెలుసు.

షెర్విన్ న్యూలాండ్‌కి తెలుసు. ‘హౌ వియ్ డై’ పుస్తకానికి 1994లో నేషనల్ బుక్ అవార్డు అందుకున్న సర్జన్, రచయిత. 1970ల మొదట్లో ఆయన డిప్రెషన్‌తో ఏడాదికి పైగా ఆసుపత్రిలో ఉన్నాడు. ఏ మందూ పనిచేయలేదు. సీనియర్ డాక్టర్లంతా కలిసి లోబాటమీయే మిగిలిందని తేల్చారు. ఆయన కేసు చూస్తున్న ఒక కుర్ర రెసిడెంట్ డాక్టర్ మాత్రం, ముందు ఈసీటీ ప్రయత్నిద్దామని పట్టుబట్టాడు. కుర్రాడి మాట తీసేయలేక పెద్దవాళ్లు సరేనన్నారు. ఇరవై సార్లు ఇచ్చారు. మొదటి కొన్నిటితో ఏ మార్పూ లేదు, తర్వాత మెల్లగా తేలింది. ఆయన మళ్లీ సర్జన్‌గా కత్తి పట్టుకున్నాడు, పుస్తకాలు రాశాడు, 2014 దాకా బతికాడు. ఈ కథ ఆయన బయటికి చెప్పడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 2001లో ఒక వేదిక మీద, తన గురించి తెలియని జనం ముందు చెప్పాడు. ఆ ప్రసంగం ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. ఆయన దాన్ని అక్కడ చెప్పింది, వింటున్నవాళ్లలో ఎవరో ఒకరికి అవసరం పడుతుందనే.

*

ఇక్కడితో ఆపేస్తే ఇది ఈసీటీకి ప్రకటన అయిపోతుంది. అవతలి సాక్షులు కూడా ఉన్నారు.

హెమింగ్వేకి 1960–61లో మేయో క్లినిక్‌లో ఈసీటీ ఇచ్చారు. తన జ్ఞాపకాన్ని తుడిచేశారనీ, రచయితకి అదే పెట్టుబడి అనీ ఆయన బాధపడ్డట్టు మిత్రుడు హాచ్‌నర్ రాశాడు. ఆ తర్వాత కొన్ని నెలలకే హెమింగ్వే లేడు. మార్లిన్ రైస్ అనే ఆవిడ అమెరికా ప్రభుత్వంలో ఆర్థికవేత్త. ఈసీటీ తర్వాత ఏళ్లతరబడి నేర్చుకున్న ఉద్యోగ జ్ఞానమంతా పోయిందని గుర్తించి, 1984లో ఈసీటీ పొందినవాళ్లతో ఒక సంఘం పెట్టింది. ఆ సంఘం అడిగింది నిషేధం కాదు. ఏమేం పోవచ్చో ముందే నిజం చెప్పమని అడిగింది. ఇది కూడా తోటివాళ్ల సాయమే కదా. కొందరిలో జ్ఞాపకాల నష్టం నెలలు గడిచినా మిగులుతుందని 2007లో, ఈసీటీని సమర్థించే పరిశోధకుడే అయిన హెరల్డ్ సాకైమ్ బృందం ప్రకటించింది.

ఇటుపక్క కిటీ డుకాకిస్. 1988లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన మైకెల్ డుకాకిస్ భార్య. పదిహేడేళ్లకి పైగా డిప్రెషన్, దానితో తాగుడు. 2001లో ఈసీటీ మొదలుపెట్టి కోలుకుంది. 2006లో దాని మీద పుస్తకం తెచ్చింది. అందులో తన జ్ఞాపకాల్లో పడ్డ చిల్లుల గురించి కూడా దాచలేదు. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ బ్రూక్‌లైన్‌లోని తమ ఇంట్లోనే ఈసీటీ చేయించుకున్నవాళ్లకి, చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లకి సమావేశాలు పెట్టేవాళ్లు. ఒకప్పుడు దేశాధ్యక్షుడు కాబోయిన మనిషి తన హాల్లో కూర్చుని, భార్యకి షాక్ ఇచ్చిన రోజు సంగతులు ఎవరో తెలియని కుటుంబాలకి చెప్పడం!

డుకాకిస్, రైస్ ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరిదీ సొంత ఒళ్లు, సొంత అనుభవం. మరి మధ్యలో నిలబడ్డవాడు ఎవరి మాట వినాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురవలేదు. నాతో ఒకప్పుడు కలిసి పనిచేసిన స్నేహితుడి వల్ల ఎదురైంది. వాడి అనుమతితోనే రాస్తున్నాను. మూడో మందు కూడా పనిచేయలేదు. డాక్టరు మూడు దారులు చెప్పారట: ఈసీటీ, అయస్కాంత తరంగాలతో చేసే టీఎంఎస్, కీటమిన్. వాళ్లమ్మగారు ఒకటే ఏడుపు, “నా కొడుక్కి కరెంటు పెట్టిస్తారా” అని. ఆవిడ తప్పేం లేదు. మన సినిమాల్లో షాక్ ట్రీట్‌మెంట్ అంటే విలన్ డాక్టరుకి డబ్బులిచ్చి హీరోని మంచానికి కట్టేయించడమే. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అనేది ఒక పేట పేరు కన్నా ముందు ఒక వెక్కిరింత. “ఏం చెయ్యమంటావ్ రా?” అని వాడు నన్నడిగాడు. నేను చదివినవాణ్ణే గానీ పడ్డవాణ్ణి కాదు. కాబట్టి పడ్డ మనిషిని వెతికాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక రిటైర్డ్ టీచరుగారు దొరికారు. పన్నెండేళ్ల కింద ఈసీటీ చేయించుకున్నారు. స్పీకర్ పెట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాం.

ఆవిడ చెప్పింది ఇదీ. ఆ సంవత్సరం ఎండాకాలం మొత్తం తనకి గుర్తు లేదు. ఆ ఎండాకాలంలోనే వాళ్ల అమ్మాయి పెళ్లి జరిగింది. ఆల్బమ్ చూస్తే తనే ఉంటుంది, కానీ వేరే ఎవరినో చూసినట్టుంటుంది. అయితే ఆ ఏడు మంచం దిగింది, మళ్లీ బడికి వెళ్లింది, ఇప్పుడు మనవరాలికి జడ వేస్తోంది. పని సలహాలు కూడా ఇచ్చారు. చేయించుకునే ముందు పాస్‌వర్డులు, కట్టాల్సిన ఈఎంఐలు, ముఖ్యమైన పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోమన్నారు. ఆ రోజుల్లో బండి నడపొద్దన్నారు. ఒకవైపే ఇచ్చే పద్ధతి ఉంది, మరుపు తక్కువంటారు, డాక్టరుని అడగమన్నారు. చివర్లో వాడు “మీరైతే చేయించుకోమంటారా మేడమ్?” అన్నాడు. ఆవిడ కాసేపు ఆగి, “అది నేను చెప్పకూడదు బాబూ. నువ్వు ఏది చేయించుకున్నా, అసలు చేయించుకోకపోయినా, వచ్చే ఆదివారం మాత్రం నాకు ఫోన్ చెయ్యి” అన్నారు.

వాడు ఏది ఎంచుకున్నాడో ఇక్కడ రాయను. రాస్తే అది సలహా అయిపోతుంది. ఆదివారాలు మాత్రం ఫోన్ చేస్తున్నాడు.

*

ఆవిడ మాటకీ బుచ్‌వాల్డ్ ఫోనుకీ ఒక పోలిక కనిపిస్తుంది నాకు. ఈ మందు వేసుకో, ఆ మందు మానెయ్ అనడం కాదు వాళ్ల పని. ఎంచుకోవడానికి మనిషి మిగిలి ఉండేలా చూడటం. వాళ్లు పట్టుబట్టిన సంగతి ఒక్కటే: చనిపోవడం ఆ జాబితాలో లేదు. మిగతా జాబితా మొత్తం నీ ఇష్టం.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదివినవాళ్లకి సీతారామారావు గుర్తుంటాడు. అతనితో వాదించేవాళ్లున్నారు, బుద్ధి చెప్పేవాళ్లున్నారు. నాక్కూడా ఇలాగే ఉండేదయ్యా, రేపు మళ్లీ వస్తాను, ఉండు అనే మనిషి మాత్రం లేడు. నవలని జబ్బు కథగా కుదించడం నా ఉద్దేశం కాదు. కానీ మన దగ్గర కుంగిపోయినవాడి చుట్టూ ఎలాంటి మనుషులుంటారో ఆ పుస్తకం బాగా పట్టుకుంది. సలహాలకి కరువు లేదు.

ఈ తోటివాళ్ల సాయాన్ని ఒక పనిగా గుర్తించడం ఆలస్యంగా జరిగింది. 1937లో షికాగోలో అబ్రహాం లో అనే వైద్యుడు ఆసుపత్రి నుంచి బయటికొచ్చినవాళ్లతో ‘రికవరీ’ అనే సంఘం పెట్టాడు. తర్వాత దాన్ని రోగులే నడుపుకున్నారు. 1999లో జార్జియా రాష్ట్రం ఇలాంటి పనికి వైద్య పథకం కింద డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. మన దేశంలో గుజరాత్‌లోని కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో, జబ్బు పడి లేచినవాళ్లనే పీర్ సపోర్ట్ వాలంటీర్లుగా పెట్టిన ప్రయోగం జరిగింది.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చాలామంది అనుకునేదానికన్నా మంచి చట్టం. మత్తు, కండరాల సడలింపు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని అది నిషేధించింది. నాకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ఒంట్లో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. నా తరఫున నిలబడే ప్రతినిధిని నేనే రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి రక్తసంబంధీకుడే కానక్కర్లేదు, స్నేహితుడైనా కావచ్చు. అంటే బుచ్‌వాల్డ్‌కి మన చట్టంలో ఒక కుర్చీ ఉంది. రాత్రిపూట ఫోన్ చేయడానికి ఎవరూ లేనివాళ్లకి 14416 నంబరుంది, ప్రభుత్వ టెలీ మానస్. తెలుగులో మాట్లాడొచ్చు.

*

స్టైరన్ కథలో ఇంకో ముక్క ఉంది. ‘డార్క్‌నెస్ విజిబుల్’ ఆశతో ముగుస్తుంది. దాన్ని చదివి ఊరూపేరూ తెలియనివాళ్లు ఆయనకి ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. తనకి బుచ్‌వాల్డ్ ఎలాగో, వేలమందికి ఆయన అలా అయ్యాడు. 2000లో జబ్బు తిరిగొచ్చింది, ఈసారి ఇంకా దారుణంగా. మందులు పనిచేయలేదు. ఈసీటీ కూడా ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఆయన తన పాఠకుల కోసం ఒక చీటీ రాసిపెట్టాడు. నేను పోయిన తీరు చూసి మీరు ధైర్యం వదులుకోకండి, ఈ జబ్బుతో పోరాడటం విలువైనదే అన్నది దాని సారాంశం. తాను ఓడిపోతానేమోనని భయపడుతున్న క్షణంలో కూడా అవతల ఫోన్ పట్టుకున్నవాళ్లు గుర్తొచ్చారు.

ఆ చీటీ అవసరం పడలేదు. ఆ దెబ్బ నుంచి కూడా లేచి ఆరేళ్లు బతికాడు. 2006 నవంబరు 1న, 81వ ఏట, మార్తాస్ వినియర్డ్‌లో న్యుమోనియాతో పోయాడు. రెండున్నర నెలలకి బుచ్‌వాల్డ్ పోయాడు. అందరికన్నా పెద్దవాడైన వాలెస్ 2012 దాకా ఉన్నాడు, 93 ఏళ్లు. ముగ్గురినీ ఆ ద్వీపంలోనే సమాధి చేశారు.